నేరేడు తిన్న నాలుక

జనవరి 7, 1938, శుక్రవారం. ఎల్లారెడ్డి.

మొదటి పేజీ కాబట్టి పద్ధతిగా మొదలుపెడతాను. తర్వాత ఎలాగూ పద్ధతి తప్పుతుంది.

ఈ డైరీ అబ్రాహాము ఇచ్చాడు. అతను కామారెడ్డిలో మిషను దవాఖానా కంపౌండరు. "అన్నా, ఏ గుట్ట మీద ఏ రాయి దొరికిందో రాసిపెట్టు, రేపు మర్చిపోతం" అన్నాడు. మా ఎడ్లను ఏ అంగట్లో కొన్నానో మరిచిపోతానేమో గాని, రాయి దొరికిన చోటు మరిచిపోతానా? అయినా ఇచ్చాడు కాబట్టి రాస్తున్నాను. దీన్ని చదివేవాళ్ళు లేరు. నా భార్య కమలవ్వకు చదువు రాదు, వచ్చినా నా రాత ఆమెకు అందదు.

మేం ముగ్గురం. నేను, అబ్రాహాము, ఇక్కడి బడిలో లెక్కలు చెప్పే పర్శరాములు పంతులు. ఆరేళ్ళ కింద నా చెలకలో బావి తవ్వుతుంటే తెల్లరాతి పొరలోంచి ఊదారంగు స్ఫటికాలు బయటపడ్డాయి. వాటిని మట్టితో పాటు పారబోస్తుంటే పంతులు ఆపాడు. అబ్రాహాము చూసి అమెథిస్టు అన్నాడు. కమలవ్వ వంకాయ రాళ్ళంది. ఇంట్లో ఆ పేరే నిలిచింది. అప్పటినుంచి పొలం పనులు లేనప్పుడు ముగ్గురం గడ్డపారలు పట్టుకుని గుట్టలు తిరుగుతున్నాం. అమ్మం, ఎవరికీ ఇవ్వం. చూసుకుంటాం, అంతే. ఊళ్ళో వాళ్ళు మాకు పనిలేదంటారు. నిజమే, ఆ రోజు ఉండదు.

కష్టమంతా రోజు కుదరడంలోనే. పంతులుకు నిజాం సర్కారు సెలవు శుక్రవారం, అబ్రాహాముకు మిషను సెలవు ఆదివారం. ఆయన అల్లాకు, ఈయన యేసుకు దణ్ణం పెడితే తప్ప మా వంకాయలు దొరకవు.

మాకొక కట్టుబాటు ఉంది. ఏ గుట్ట మీదైనా మొదటి రాయి బయటికి రాగానే కడిగి, పెద్దవాణ్ని కాబట్టి ముందు నా చేతిలో పెడతారు. దాని రంగు దేనిలా ఉందో చెప్పాలి. తర్వాత పంతులు, ఆ తర్వాత అబ్రాహాము. ఒకసారి ఎవరైనా వాడిన పోలిక మళ్ళీ ఎవరూ ఎప్పటికీ వాడకూడదు. వంకాయ అయిపోయింది. ఉల్లిపొర అయిపోయింది. పావురం మెడ అయిపోయింది. కలరా గత్తర వచ్చినప్పుడు బావుల్లో కలిపే ఊదా మందు కూడా అయిపోయింది, అది అబ్రాహాముదని వేరే చెప్పాలా. నేను ఒకటి దాచిపెట్టుకున్నాను. దానికి తగ్గ రాయి దొరికిన రోజు చెబుతాను. ఇక్కడ కూడా రాయను.

ఈ సిరా పలచగా ఉంది. రాసింది రాసినట్టు కనబడడం లేదు. కొట్టువాడు నీళ్ళు కలిపాడు.

జనవరి 9

సాలెవాళ్ళు చీరల మూట తెచ్చారు. కమలవ్వ మూటంతా చాలాసేపు వెతికి, బేరమాడి ఒకటి తీసుకుంది. కట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. అలా నిలబడే అలవాటు ఆమెకు లేదు.

"ఎట్లున్నది?" అంది.

"మసిగుడ్డ లెక్కున్నది. ఇంకో రంగే దొరకలేదా నీకు?" అన్నాను.

నా మొహంలోకి చూస్తూ కొంచెంసేపు నిలబడింది. లోపలికి పోయి చీర మార్చుకుని, దాన్ని మడతపెట్టి పెట్టెలో పెట్టింది. కోపం వచ్చిందనుకున్నాను గాని, సాయంత్రం మామూలు కంటే మెత్తగా మాట్లాడింది. ఆడవాళ్ళ సంగతి మనకెందుకు.

జనవరి 18

కిరసనాయిలులో కల్తీ. దీపం చుట్టూ పొగమంచు కమ్మినట్టు కనబడుతోంది. కొట్టు మార్చాలి.

జనవరి 30

అబ్రాహాము మోటరు బస్సులో వచ్చాడు. రాగానే నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగుకు తిప్పాడు, ఎద్దును కొనేముందు పళ్ళు చూసినట్టు.

"అన్నా, రెండు కండ్లల్ల పొర వచ్చింది. ఉగాదికి ముందు మా డాక్టరమ్మ కామారెడ్డికి వస్తది. ఆపరేషన్ చేపిద్దాం. మంచిగ అయితది."

"దుమ్ము పడ్డది తమ్మీ. రోడ్డు పని నడుస్తలేదా?" అన్నాను.

"దుమ్ము నా కండ్లల్ల గూడ పడ్డది. నేను మొన్న నీ ముంగటనుంచే పోయిన అంగట్ల. నువ్వు చూడలే."

"చూసిన. పనిల ఉన్న."

మా బాపుకు కూడా ఇలాగే పొర వచ్చింది. సూదితో పొర తీస్తానని ఒకడు ఊళ్ళోకి వచ్చాడు. ఆ సాయంత్రం కట్టు విప్పి బాపు "తెల్లగ కనవడుతున్నది" అన్నాడు. నాలుగు రోజులకు చీము పట్టింది. తర్వాత బాపు బతికినన్నాళ్ళు అరుగు మీదే. ఎవరు దారిన పోయినా "పొద్దు ఎంతైంది బిడ్డా" అని అడిగేవాడు. అది నాకు సంబంధించిన విషయం కాదు. నాది దుమ్ము.

ఫిబ్రవరి 4

పంతులు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తాడ్వాయి దారిలో నక్కలగుట్ట వెనక తెల్లరాతి పొర చూశాడట. బండలో వేలు పట్టేంత సందు ఉంది, అద్దంతో ఎండను లోపలికి కొట్టి చూస్తే ఊదా రంగు కనబడిందట. "అన్నా, మనం ఇన్నేండ్లల్ల సూసినయి గోళీలు. గిది కుండ" అన్నాడు. పంతులు ఉన్నదానికి తక్కువ చెబుతాడు గాని ఎక్కువ చెప్పడు. బడిలో పిల్లలు ఒక్క అబద్ధం ఆడితే ఎండలో నిలబెట్టే మనిషి. ఆ మనిషి కుండ అన్నాడంటే గంగాళమే.

నిద్ర పట్టలేదు. సంతోషంతోనే.

ఫిబ్రవరి 17

రేపు. అబ్రాహాము ఎవరితోనో పని మార్చుకుని శుక్రవారం ఖాళీ చేసుకున్నాడు. కమలవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. పుంటికూర తొక్కు నూరిన వాసన ఇల్లంతా ఉంది. నా గడ్డపారకు మొన చేయించాను.

ఫిబ్రవరి 18

ఇంత మంచి రోజు ఈమధ్య రాలేదు. పడుకునే ముందు అంతా రాసేస్తాను.

తెల్లవారుతూనే బండి కట్టాం. మైసన్న తోలాడు, మా ఇంట్లో ఏళ్ళుగా జీతం ఉన్నవాడు. చలి ఇంకా పోలేదు. అబ్రాహాము గొంగడి కప్పుకుని మిషను పాటలు పాడాడు, పంతులు తాళం తప్పులు ఎంచాడు. మోదుగులు అక్కడక్కడా పూశాయట. పంతులు చూపించాడు. నేను అటు చూసి తలూపాను. మోదుగును ఎప్పుడూ చూడలేదా ఏంటి.

గుట్ట ఎక్కేటప్పుడు ఒకచోట కాలు జారింది. గడ్డి తడిగా ఉంది. అబ్రాహాము నా చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు. "నాకు దమ్ము వస్తున్నదన్నా, నువ్వే నన్ను గుంజు" అన్నాడు. మోటరు ఎక్కీ ఎక్కీ నడక మరిచిపోయాడు పాపం.

బండ దగ్గర సందులోకి వేళ్ళు పెట్టాను. లోపల మొనలు తగిలాయి. ఒకటి కాదు, కోసిన జొన్నచేనులో అడుగుపెట్టినట్టు ఎటు తాకినా మొనలే. వేళ్ళు బయటికి తీయబుద్ధి కాలేదు.

కాని బండ కదలదు. పొద్దున్నుంచి గడ్డపారలు వంకర పోయాయి గాని పెచ్చు కూడా లేవలేదు. పంతులు అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు నేనే చెప్పాను. బావి తవ్వేటప్పుడు మేం చేసిందే. మొండి బండ అడ్డమొస్తే దాని మీద కట్టెలు పేర్చి కాల్చడం, ఎర్రగా కాగాక నీళ్ళు కొట్టడం. ఎంతటి బండైనా పగులుతుంది. మా తాతలు బావుల్లో నీళ్ళు తెప్పించుకున్నదంతా అలాగే.

"మంచిగ చెప్పినవ్ పటేలా, నాకు తోచనే లేదు" అన్నాడు మైసన్న. కట్టెలు తెచ్చాడు. కింద వాగులోంచి రెండు కుండలు నీళ్ళు మోసుకొచ్చాడు. అబ్రాహాము ఒక్కడే "లోపలి రాళ్ళకు ఏం కాదు కదా?" అన్నాడు. "రాయికి మంట ఏం జేస్తది తమ్మీ? రాయి పుట్టిందే నిప్పుల" అన్నాడు పంతులు. ఆ మాట ఆయన ఏదో పుస్తకంలో చదివాడు.

మంట మండుతుండగా సద్ది విప్పాం. ఊళ్ళో అబ్రాహాము మా వాకిలి దాటి రాడు, రమ్మన్నా రాడు, కులం ఎత్తి ఎవరేమంటారోనని. గుట్ట మీద మాత్రం ముగ్గురిదీ ఒకటే మూట. తొక్కు కారానికి అతని ముక్కు కారుతుంటే పంతులు నవ్వి నవ్వి పొలమారాడు. ఇలాంటప్పుడు నాకు రాయి దొరక్కపోయినా ఫరవాలేదనిపిస్తుంది. ఇది వాళ్ళతో అనను.

పొద్దు వాలాక నీళ్ళు కొట్టాం. తుపాకి పేలినట్టు చప్పుడు. పొగ, ఆవిరి. గడ్డపార పెట్టి తన్నితే పైబండ మూతలా లేచింది. పంతులు ముందుగా చెయ్యి పెట్టి పిడికెడంత రాయి తీశాడు. అబ్రాహాము కడిగాడు.

కడుగుతూ కడుగుతూ చాలాసేపు కడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. సంతోషం ఎక్కువైతే మనిషి మూగవాడవుతాడు.

"తే ఇటు" అన్నాను. నా చేతిలో పెట్టారు. ఆరు పలకలు, గోటితో గీసినంత సూటిగా ఉన్న అంచులు, సూదిలాంటి మొన. ఇంకా వెచ్చగా ఉంది. పడమటికి పట్టి చూశాను. కళ్ళల్లో పొగ ఉన్నా కనబడింది. ఇన్నేళ్ళుగా దాచుకున్నది ఇక దాచలేదు.

"నేరేడు పండ్లు తిన్న నాలుక లెక్కున్నది" అన్నాను.

తర్వాత పంతులు వంతు. ఆయన రాయిని అటూ ఇటూ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఔనన్నా. మస్తు ఊదగున్నది" అన్నాడు. పోలిక చెప్పనే లేదు. నియమం పెట్టిందే ఆయన.

అబ్రాహాము అయితే రాయిని చూడనే లేదు, నన్ను చూశాడు. "నువ్వు చెప్పినంక ఇంక మేం ఏం చెప్తం అన్నా. దానికి మించింది లేదు" అన్నాడు. అతని గొంతు బొంగురుపోయింది. నా పోలిక అంత బాగా కుదిరింది మరి.

మైసన్న ఏదో అనబోయాడు. పంతులు అతన్ని ఎడ్లను చూడమని పంపించాడు.

తిరుగు దారిలో అబ్రాహాము పాడలేదు. అలసిపోయాం అందరం. పెద్ద రాయిని నాకే ఇచ్చారు. నేనే కట్టెల ఉపాయం చెప్పింది కాబట్టి అది న్యాయమే.

ఫిబ్రవరి 20

రాయిని గూట్లో పెట్టాను, దీపం పక్కన. దీపం వెలుగులో ఊదా ఇంకా ముదురుతుంది. కమలవ్వను పిలిచి చూపించాను.

"ఎట్లున్నది?"

"నీకెట్ల గనవడితె గట్లనే ఉన్నది" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆమెకు రాళ్ళంటే మొదటినుంచీ అంతే.

ఆ కొత్త చీర మళ్ళీ కట్టలేదు. పండుగకు దాచుకుంటోందేమో.

మార్చి 4

పంతులుకు జ్వరమట. నక్కలగుట్ట గుంతలో ఇంకా ఎంతో మిగిలి ఉంది.

మార్చి 11

పంతులు ఇంటికి చుట్టాలొచ్చారట. అబ్రాహాముకు సెలవు దొరకలేదట. మైసన్న మాత్రం పంతులు పొద్దున బడి వెనక చింతకాయలు కొడుతున్నాడని చెప్పాడు. ఏం జ్వరమో, ఏం చుట్టాలో.

మార్చి 18

ఇద్దరినీ పిలిపించాను. వాకిట్లో మంచాలు వేయించాను. నాతో రావడం ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పమన్నాను. గొంతు పెద్దదైంది, ఒప్పుకుంటాను.

అబ్రాహాము నేల చూశాడు. పంతులు లేచి నిలబడ్డాడు.

"చెప్తనన్నా. నువ్వు లేకుంట మేం పోం. నిన్ను తీస్కోని పోలేం. ఆ దినం నువ్వు గుట్ట అంచు మీద నిలవడ్డవ్. ఇంకొక్క అడుగేస్తె లోయ. నీకు తెల్వనే తెల్వదు. అబ్రాము చెయ్యి పట్టుకున్నది ఎందుకనుకున్నవ్? నువ్వు కండ్లు బాగు చేపించుకునేదాక నేను గడ్డపార ముట్ట."

"నేను గుడ్డోడినా? గుడ్డోడు గా రాయి రంగు గట్ల చెప్తడా? మీ ఇద్దరికి నోట మాట రాలే, నేను చెప్పిన" అన్నాను.

పంతులు నోరు తెరిచాడు. "పంతులూ, ఊకో" అన్నాడు అబ్రాహాము చాలా మెల్లగా. లోపల కమలవ్వ చేతిలోంచి చెంబు జారిపడిన చప్పుడైంది. పంతులు నోరు మూసుకుని, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఇద్దరూ పోయారు. నేను అక్కడే అరుగు మీద కూర్చున్నాను. దారిన ఎవరో పోతుంటే "ఎవరు?" అన్నాను. వాళ్ళు చెప్పకముందే నా గొంతు నాకు బాపు గొంతులా వినబడింది.

మార్చి 19

కమలవ్వ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మీ బాపు నోట్లె ముద్ద పెట్టింది నేను. నీకు పెట్టుడు నాకు బరువుగాదు. గని నువ్వు గుట్టలు బందువెట్టి అరుగు మీద కూసునుడు నేను సూడలేను. గది నాతోని గాదు."

ఆమె ఏడవలేదు. నేనే ముద్ద మింగలేకపోయాను.

మార్చి 21

కామారెడ్డి పోతున్నాను. ఎవరో చెప్పారని కాదు. నా కళ్ళకేమీ కాలేదని ఆ డాక్టరమ్మ నోటితోనే చెప్పించి, ఈ ఇద్దరికీ బుద్ధి చెబుదామని.

భయంగా ఉంది. బాపు గుర్తొస్తున్నాడు. కమలవ్వ కూడా వస్తానంది.

ఏప్రిల్ 17

గీతలు దాటి రాస్తున్నానేమో. ఒక కన్నుకు కట్టు విప్పారు. కుడికన్ను. ఇంటికొచ్చాం. వెలుగు కనబడుతోంది గాని అన్నీ నీళ్ళలో ఉన్నట్టున్నాయి. అద్దాలు వస్తే సర్దుకుంటుందట. చీము పట్టలేదు. పట్టలేదు. పట్టలేదు.

దవాఖానాలో కదలకుండా పడుకోబెట్టినన్ని రోజులు అబ్రాహాము పని అయ్యాక వచ్చి నా పక్కన కూర్చునేవాడు. పంతులు ప్రతి శుక్రవారం మోటరెక్కి వచ్చేవాడు. ఆయన లెక్కల పుస్తకం చదివి వినిపించేవాడు, ఇంకేం చదవాలో తెలియక. నిద్ర బాగా పట్టేది.

మే 29, ఆదివారం

అద్దాలు వచ్చాయి. అబ్రాహాము స్వయంగా తెచ్చాడు. బడికి ఎండాకాలం సెలవులు కాబట్టి పంతులు కూడా వచ్చాడు. అద్దాలు సీసా అడుగులంత మందంగా ఉన్నాయి. వాకిట్లో కూర్చోబెట్టి అబ్రాహాము నా చెవులకు తగిలించాడు.

ముందు నా చేతులు కనబడ్డాయి. ఇంత ముసలి చేతులా నావి. తర్వాత పంతులు మొహం. మీసాలు నెరిశాయి, నాకెవరూ చెప్పలేదు. గోడ మీద బల్లి. నులక మంచంలో ఒక్కో పురి. చూస్తూనే ఉన్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. కన్నీళ్ళు అద్దాలకు మంచిది కాదని అబ్రాహాము అన్నాడు గాని, అతనే ముక్కు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. లేచి లోపల గూటి దగ్గరికి పోయాను. రాయి అక్కడే ఉంది. ఆరు పలకలు, సూటి అంచులు, మొన. వాకిట్లోకి తెచ్చి ఎండకు పట్టాను.

తెల్లగా ఉంది.

ఇంకోవైపు తిప్పాను. అటూ తెల్లగానే ఉంది. మొదట అద్దాలను అనుమానించాను. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను.

"ఎవరు మార్చిన్రు గీ రాయిని?" అన్నాను.

"మార్చలేదన్నా. గదే రాయి" అన్నాడు అబ్రాహాము.

"మంటకు రంగు పోయింది" అన్నాడు పంతులు. "గుంతల ఉన్నయన్ని గంతే. నేను నమ్మక ఇంట్ల నా దగ్గరున్న రాయి ఒకటి పొయ్యిల పెట్టి సూసిన. పొద్దుగూకె వరకు గది గూడ తెల్లగయింది."

పంతులు దగ్గరున్న మంచి రాయి ఒకటే. పావురం మెడ. దాన్ని పొయ్యిలో పెట్టాడు.

నేను కూర్చున్నాను. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. అబ్రాహాము కడిగి కడిగి కడిగింది. మైసన్నను ఎడ్ల దగ్గరికి పంపింది. కమలవ్వ చెంబు. ఎర్ర మన్నులాంటి కోపం ఒక్క క్షణం పైకి లేచింది, మళ్ళీ దానంతట అదే కిందికి దిగింది. ఆ కట్టెల ఉపాయం నాదే. కుండెడు ఊదాను నేనే కాల్చేశాను. ఆరేళ్ళు వెతికింది పోయినా, వాళ్ళు నా మొహం చూసి ఊరుకున్నారు.

"పంతులూ, నువ్వు నాకు అబద్ధం చెప్పినవ్" అన్నాను.

"చెప్పిన" అన్నాడు. "పోరగాండ్లను నిలవెట్టినట్టు రెండు దినాలు నేనే ఎండల నిలవడ్డ."

నిజంగానే నిలబడి ఉంటాడు, ఆ మనిషి. అబ్రాహాము ముందు నవ్వాడు. తర్వాత నేను. పంతులు నవ్వడానికి కొంచెం సమయం పట్టింది. నవ్వాక ఆగలేదు.

"అయితె మళ్ళ మొదలువెడదాం" అన్నాను. "పెద్దోణ్ని, నేనే ముందు. పటిక లెక్కున్నది."

"కడిగిన బియ్యం" అన్నాడు పంతులు.

"దవాఖాన దూది" అన్నాడు అబ్రాహాము.

అప్పుడు కమలవ్వ మజ్జిగ చెంబు పట్టుకుని లోపలినుంచి వచ్చింది. అబ్రాహాముకు లోటా చేతికే ఇచ్చింది. నేను ఆమెను చూశాను. ఇన్నాళ్ళూ పెట్టెలో ఉన్న చీర కట్టుకుంది. నేను మసిగుడ్డ అన్న చీర. అది మసి రంగు కాదు. ఎండ పడ్డచోట ఒకలా, మడతల్లో ఇంకొకలా, లోపలినుంచి వెలుగుతున్నట్టు ఊదా. మా బావిలో దొరికిన మొదటి రాయి రంగు. ఆమె మూటలో అంతసేపు వెతికింది ఆ రంగు కోసం. కట్టుకుని నా ముందు నిలబడింది అందుకు. నా కళ్ళు పోతున్నాయని ఆమెకు తెలిసింది కూడా ఆ క్షణమే.

చెప్పడానికి నా దగ్గర ఒక్కటే మంచి పోలిక ఉండేది, దాన్ని తెల్లరాయి మీద ఖర్చు చేసేశాను.

"పంతులూ" అన్నాను, "ఒకసారి చెప్పింది మళ్ళ చెప్పొద్దు గద."

పంతులు నన్ను చూశాడు, చీరను చూశాడు. పిల్లవాడి లెక్క దిద్దుతున్నంత గంభీరంగా ఆలోచించాడు.

"ఆ దినం నువ్వు చెప్పింది ఊదరాయికి గాదు, తెల్లరాయికి. కనుక చెల్లలేదు. నేరేడు మాట ఇంకెవ్వరు వాడలేదన్నట్టే" అన్నాడు.

నేను లేచి నిలబడి ఆమెకు చెప్పాను.

"నాలుకనా?" అంది కమలవ్వ. "ఇన్ని దినాలు దాచిపెట్టి, గిదా చెప్పేది?"

కాని మజ్జిగ పోస్తూ నన్నే చూస్తుంటే సగం కింద పోయింది. తుడవడానికి లోపలికి పోలేదు. అక్కడే, ఎండలో, నేను చూసేచోట నిలబడింది.